రెండు నిమిషాల పాట, పద్దెనిమిది టేకులు

పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

లివర్‌పూల్ బ్యాండు బీటిల్స్ మొదటి రెండు సింగిల్స్ (ఒక్కో పాట కోసం వేసే చిన్న రికార్డులు) మీద పోయిన సంచికలో రాశాం. ‘లవ్ మి డూ’ 1962 అక్టోబరు 5న, ‘ప్లీజ్ ప్లీజ్ మి’ 1963 జనవరి 11న బ్రిటన్‌లో పార్లోఫోన్ లేబుల్ మీద వచ్చాయి. అవి ఎలా రికార్డయ్యాయి, చార్టుల్లో, అంటే అమ్మకాల వరస జాబితాల్లో, ఎలా పైకెక్కాయి అన్న సంగతుల మీద నగరం నలుమూలల నుంచి ఉత్తరాలు వచ్చాయి. సొంతంగా పాట రికార్డు చేసుకునేవాళ్లు అడిగినవాటికి ఈసారి ఎక్కువ చోటిచ్చాం.

*

ప్రశ్న: మేం నలుగురం కలిసి ఒక తెలుగు పాట కట్టుకున్నం. ప్రాక్టీసుల మస్తుగ అనిపిస్తది. స్టేజి మీద పాడితే మాత్రం జనం ఫోన్లు చూస్కుంటరు. మా దోస్తు ఒకడు స్పీడు పెంచుమంటుండు. ‘ప్లీజ్ ప్లీజ్ మి’ గూడ మొదట మెల్లగ ఉండేదని మీరే రాసిన్రు. ఎంత పెంచాలె? ఎట్ల తెలుస్తది? (ఒక కాలేజీ బ్యాండు, మల్కాజిగిరి)

జవాబు: ఆ పాటను బీటిల్స్ గాయకుడు జాన్ లెనన్, అమెరికా గాయకుడు రాయ్ ఆర్బిసన్ తరహాలో, సాగదీసి పాడుకునేలా కట్టాడు. 1962 సెప్టెంబరులో విన్న నిర్మాత జార్జ్ మార్టిన్‌కి అది నీరసంగా తోచింది. వేగం పెంచి, అల్లిక మార్చుకుని రమ్మన్నాడు. సెప్టెంబరు 11న ఒకసారి ప్రయత్నించారు. ఆ టేకు 1995లో ‘ఆంథాలజీ 1’ అనే సంకలనంలో బయటికొచ్చింది, దొరికితే తప్పక వినండి. అందులో వేగం అప్పటికే పెరిగింది, కానీ హార్మోనికా (మౌత్ ఆర్గాన్) లేదు. పాట పరుగెడుతుంది గానీ చెవిలో ఏదీ నిలవదు. నవంబరు 26న మళ్లీ స్టూడియోకి వెళ్లి 18 టేకుల్లో ముగించినదే మనందరం విన్న పాట. పాట మొదలవుతూనే హార్మోనికా పలుకు వినిపిస్తుంది, పల్లవుల మధ్య అదే తిరిగి వస్తుంది. అంటే వేగం ఒక్కటే పాటను మార్చలేదు. పెరిగిన వేగంలో ఖాళీ అయిన చోట్లను పూడ్చడానికి రెండు పనులు చేశారు.

మొదటిది ఆ హార్మోనికా. రెండోది గొంతుల అమరిక. చరణం మొదట్లో లెనన్ స్వరం మెట్లు దిగుతుంటే బ్యాండులో రెండో గాయకుడు పాల్ మెకార్ట్‌నీ పై స్వరం మీదే కదలకుండా నిలబడతాడు. ఎవర్లీ బ్రదర్స్ అనే అమెరికా జంట గాయకుల నుంచి పట్టుకున్న పద్ధతి అది. మన సంగీతంలో శ్రుతి కింద మోగుతూ ఉంటే పైన రాగం కదులుతుంది కదా, ఇక్కడ అది తలకిందులైంది, నిలకడ పైన, కదలిక కింద. మీ బ్యాండులో ఇద్దరు పాడేవాళ్లుంటే దీన్ని ఈ వారమే పరీక్షించవచ్చు.

ఇక మీ పాట సంగతి. ‘ప్లీజ్ ప్లీజ్ మి’ నిమిషానికి 140 దెబ్బలకు దగ్గర్లో నడుస్తుంది. ఆ అంకెను మీరు అరువు తెచ్చుకోవద్దు. ఫోనులో మెట్రోనోమ్ (తాళం కొట్టే) యాప్ పెట్టుకుని, ఇప్పుడు పాడుతున్న వేగం ఎంతో ముందు కొలవండి. ఆ వేగంలో ఒకసారి, దానికి 8 దెబ్బలు కలిపి ఒకసారి, 16 కలిపి ఒకసారి, 24 కలిపి ఒకసారి, ఒక్క గిటారుతోనే పాడి ఫోనులో రికార్డు చేయండి. అదే రోజు వినొద్దు. మర్నాడు పల్లవి మాత్రం వరుసగా నాలుగూ వినండి.

వినేటప్పుడు గిటారును వదిలేసి మాటలను పట్టించుకోండి. తెలుగు పాటలో వేగానికి హద్దు గీసేది గాయకుడి ఊపిరి కన్నా ముందు సాహిత్యమే. దీర్ఘాలు కుదించుకుపోయి హ్రస్వాల్లా వినిపిస్తున్నా, ‘అమ్మ’, ‘చెట్టు’ లాంటి మాటల్లో ఒత్తు మింగేస్తున్నా హద్దు దాటారని అర్థం. పాటలో మాటలు బాగా కిక్కిరిసిన పంక్తి ఒకటి ఉంటుంది. అది ఏ వేగంలో స్పష్టంగా పలుకుతుందో అదే మీ పైహద్దు. ఆ ఒక్క పంక్తి కోసం పాటంతా మెల్లగా ఉంచాల్సి వస్తుంటే ఆ పంక్తినే తిరగరాయండి. రెండు లఘువులు తీసేస్తే చాలాసార్లు పని జరుగుతుంది.

వేగం పెంచాక పాట తొందరగా అయిపోతుంది, నిడివి తగ్గిందని మరో చరణం రాయబుద్ధవుతుంది. రాయకండి. ‘ప్లీజ్ ప్లీజ్ మి’ మొత్తం రెండు నిమిషాలే.

*

ప్రశ్న: మాది 10 × 12 అడుగుల గది. రెండు ఇన్‌పుట్‌ల ఆడియో ఇంటర్‌ఫేస్, ఒక కండెన్సర్ మైకు, ఒక డైనమిక్ మైకు ఉన్నాయి. బీటిల్స్ కూడా రెండు ట్రాకుల మీదే రికార్డు చేశారట కదా. మేం ఆ పద్ధతిలో చేయగలమా? (దిల్‌సుఖ్‌నగర్)

జవాబు: చేయగలరు. వాళ్లకి అప్పుడు ఉన్నది రెండు ట్రాకుల (రెండు విడి శబ్ద వరసల) టేపు మిషనే. లండన్‌లోని ఈఎంఐ స్టూడియో 2లో అందరూ ఒకేసారి వాయిస్తూ పాడేవారు. వాద్యాలన్నీ కలిపి ఒక ట్రాకు మీదికి, గొంతులు రెండో ట్రాకు మీదికి వెళ్లేవి. తర్వాత హార్మోనికానో చప్పట్లనో కలపాలంటే ఆ టేపును ఇంకో మిషన్ మీదికి ఎక్కిస్తూ, అదే సమయంలో కొత్త వాద్యాన్ని వాయించి కలిపేవారు. ఇలా ఎక్కించిన ప్రతిసారీ టేపు బుస పెరుగుతుంది, కాబట్టి ఎక్కువసార్లు చేయడానికి లేదు. అందుకే సౌండు పాళ్లు వాయించే ముందే తేల్చుకునేవారు. డ్రమ్ము ఎక్కువైతే తర్వాత తగ్గించే దారి లేదు.

మీకు కంప్యూటరులో బుస బాధ లేదు. కానీ ఆ ముందే తేల్చుకోవడం అలవాటు చేసుకోండి. రెండు ఇన్‌పుట్‌లున్న వాళ్లకి అదే పెద్ద బలం.

ముందు గది సంగతి. టైల్స్ నేల, ఖాళీ గోడలు, స్లాబు కప్పు ఉన్న మన గదుల్లో చప్పట్లు కొడితే టంగుమని మోగుతుంది. రెండు బొంతలు తెచ్చి పాడేవాడి వెనక గోడకి, ఒక పక్క గోడకి వేలాడదీయండి. గోడకి అంటించకుండా నాలుగు అంగుళాలు ఎడం ఉంచితే ఇంకా బాగా పనిచేస్తుంది. గుడ్ల ట్రేలు అంటించే పని పెట్టుకోకండి, అవి పై శబ్దాలను కాస్త చెదరగొట్టడం తప్ప ఏమీ చేయవు. బాస్ గిటారు ఆంప్ మాత్రం మూలలో పెట్టొద్దు. మూలలో బాస్ ఉబ్బిపోతుంది, బొంతలు దాన్ని ఆపలేవు.

సీలింగ్ ఫ్యాను ఆపాల్సిందే. మోత మాత్రమే కాదు, గాలి నేరుగా కండెన్సర్ మైకు మీద పడి ధుబధుబమంటుంది. ఏప్రిల్, మే నెలల్లో ఇది నరకమే కాబట్టి మూడు టేకులకోసారి తలుపు తీసి ఫ్యాను వేసుకోండి. గిటారు తీగలు వేడికి, గాలికి శ్రుతి జారతాయి. ఫ్యాను వేసి ఆపిన ప్రతిసారీ ట్యూనరు చూసుకోవాలి. వేళ విషయానికొస్తే, రాత్రి పదకొండు దాటాక ట్రాఫిక్ తగ్గుతుంది, కుక్కలు మొదలవుతాయి. మాకు తెలిసినంతలో తెల్లవారుజామున అజాన్, సుప్రభాతం మొదలుకాక ముందు రెండు గంటలు అన్నిటికన్నా మేలు. అయితే ఆ వేళకి గొంతు తెరుచుకోదు. కాబట్టి గిటార్లు అప్పుడు, గొంతు సాయంత్రం.

ఇప్పుడు క్రమం. మొదట క్లిక్ (మెట్రోనోమ్ టక్కు) పెట్టుకుని గిటారు, పాట కలిపి ఒక గైడ్ ట్రాకు. దీన్ని చివర్లో తీసేస్తాం, అయినా బద్ధకంగా పాడొద్దు. గైడ్ నీరసంగా ఉంటే దాని మీద వాయించినవన్నీ నీరసపడతాయి. రెండోది తాళం. అపార్ట్‌మెంట్‌లో డ్రమ్ కిట్ కుదరదు కాబట్టి కహోన్ (మీద కూర్చుని చేత్తో వాయించే చెక్కపెట్టె) వాడండి. డైనమిక్ మైకు వెనక రంధ్రం దగ్గర, కండెన్సర్ ముందు వైపు రెండడుగుల దూరంలో. రెండు మైకులూ ఒకే వాద్యం మీద ఉన్నాయి కాబట్టి ఫేజు చూసుకోవాలి, అంటే రెండు మైకుల శబ్దాలు ఒకదాన్నొకటి కొట్టేయకూడదు. రెండూ కలిపి వింటే ఒక్కటి విన్నప్పటి కన్నా సౌండు పల్చబడిందంటే, సాఫ్ట్‌వేర్‌లో ఒక ట్రాకుకి పోలారిటీ తిప్పే బొత్తాం నొక్కండి. బొద్దుగా వినిపించే వైపు ఉంచేయండి. చాలామంది ఈక్వలైజరుతో గంటలు కుస్తీ పట్టే సమస్య ఈ ఒక్క బొత్తాంతో పోతుంది.

మూడోది బాస్, నేరుగా ఇంటర్‌ఫేస్‌లోకి. నాలుగోది గిటారు. ఆఖరున గొంతు, కండెన్సర్‌కి ఒక జానెడు దూరంలో, మధ్యలో ‘ప’, ‘బ’ల ఊపిరి దెబ్బను ఆపే పాప్ ఫిల్టరు. రికార్డు చేసేటప్పుడు మీటరు పెద్దగా పాడిన చోట మైనస్ 12 నుంచి మైనస్ 6 డెసిబెల్స్ మధ్య ఆగాలి. సున్నా తాకితే ఆ పగులు బాగుపడదు. 24 బిట్ పెట్టుకుంటే సౌండు తక్కువగా తీసుకున్నా నష్టం లేదు. హెడ్‌ఫోన్‌లో మీ గొంతు మీకే ఆలస్యంగా వినిపిస్తుంటే సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో బఫరును 128 శాంపిళ్లకి తగ్గించండి. లాప్‌టాప్ టపటపమని తెగిపోతుంటే 256. మిక్సింగ్‌లో మళ్లీ 512 లేదా 1024.

ఇద్దరు కలిసి పాడే పల్లవిని ఇద్దరినీ నిలబెట్టి ఒకేసారి తీయండి. ఆ స్టూడియోలో వాడిన న్యూమన్ యూ48 మైకు ముందు వెనక రెండు వైపులా వినగలదు, ఇద్దరిని ఎదురెదురుగా నిలబెట్టడానికి అనువైనది. మీ కండెన్సర్ ఒకవైపే వినేదైతే పక్కపక్కన, భుజాలు తగిలేలా నిలబడి రెండడుగుల దూరం నుంచి పాడండి. ఎవరి గొంతు పెద్దదో వాళ్లు అరడుగు వెనక్కి. విడివిడిగా పాడి అతికిస్తే మాట చివరలు కలవవు, ఒకరి ‘మ్’ ముందు ఇంకొకరి ‘మ్’ తర్వాత పడుతుంది.

*

ప్రశ్న: ‘ప్లీజ్ ప్లీజ్ మి’ నంబర్ వన్ అయిందని ఒకచోట, రెండో స్థానం దగ్గరే ఆగిందని ఇంకోచోట చదివాను. ఏది నిజం? (హిమాయత్‌నగర్)

జవాబు: రెండూ నిజమే. బ్రిటన్‌లో 1969 ఫిబ్రవరి దాకా అందరూ ఒప్పుకున్న ఒకే చార్టు అంటూ లేదు. ఏ పత్రిక లెక్క దానిదే. న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్ 1952 నవంబరులో మొదలుపెట్టింది. మెలొడీ మేకర్‌కి ఒకటి, రికార్డు దుకాణదారుల పత్రిక రికార్డ్ రిటైలర్‌కి 1960 నుంచి ఇంకొకటి. బీబీసీ వీటిని కలిపి సగటు తీసి తనది చదివేది. ఏ దుకాణాలను అడిగారు, ఎన్నిటిని అడిగారు అన్నదాన్ని బట్టి స్థానం మారుతుంది. రికార్డ్ రిటైలర్ అడిగిన దుకాణాలు 30 చుట్టూ, మిగతా రెండు పత్రికలవి వందకు పైమాటే.

1963 ఫిబ్రవరి ఆఖరులో న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్‌లో ‘ప్లీజ్ ప్లీజ్ మి’, ఫ్రాంక్ ఐఫీల్డ్ పాడిన ‘ది వేవర్డ్ విండ్’ కలిసి మొదటి స్థానం పంచుకున్నాయి. మెలొడీ మేకర్‌లోనూ బీటిల్స్‌కే మొదటి స్థానం. రికార్డ్ రిటైలర్‌లో మాత్రం ఐఫీల్డ్ పైన, వీళ్లు కింద. ఆ వారం ఇంగ్లండులో ఏ పిల్లాడిని అడిగినా నంబర్ వన్ అనే చెప్పి ఉంటాడు, ఎందుకంటే ఎక్కువమంది చదివింది న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్‌నే. చాలా ఏళ్ల తర్వాత చార్టుల చరిత్ర పుస్తకంగా వేసినవాళ్లు 1960 నుంచి 1969 వరకు రికార్డ్ రిటైలర్ లెక్కను ప్రమాణంగా తీసుకున్నారు. దాంతో పాట వెనక్కి వెళ్లి రెండోదైపోయింది. జనం ఆ రోజు ఏది చూసి నంబర్ వన్ అనుకున్నారో దాన్ని చరిత్ర తుడిచేయడం న్యాయం కాదని మా అభిప్రాయం.

దీనివల్ల ఒక వింత జరిగింది. 2000లో మొదటి స్థానం పాటలన్నీ కూర్చి వేసిన ‘1’ అనే ఆల్బంలో బ్రిటన్‌లో 1962లో 17 దాటని ‘లవ్ మి డూ’ ఉంది, ‘ప్లీజ్ ప్లీజ్ మి’ లేదు. మొదటిది 1964 మే ఆఖరులో అమెరికాలో నంబర్ వన్ అయింది, ఆ అర్హత మీద లోపలికొచ్చింది. రెండోది అమెరికాలో 1963 ఫిబ్రవరిలో వీ-జే అనే చిన్న కంపెనీ వేసింది. తొలి ప్రతుల మీద బ్యాండు పేరే తప్పుగా, ఒక ‘టి’ ఎక్కువ పెట్టి అచ్చేశారు. అమ్మకాలు లేవు. 1964 జనవరిలో మళ్లీ వేస్తే మూడో స్థానం దాకా వెళ్లింది. ఆ ఏడాది ఏప్రిల్ 4న బిల్‌బోర్డు హాట్ 100లో మొదటి ఐదు స్థానాలూ బీటిల్స్‌వే, ఐదోది ఇదే పాట. పాట అదే, రికార్డింగు అదే. ఏడాది ముందు అమెరికా రేడియో పట్టించుకోలేదు, తర్వాత పట్టించుకుంది.

బ్రిటన్‌లో పాటను పైకి తోసింది టీవీ. 1963 జనవరి 19 శనివారం రాత్రి ‘థాంక్ యువర్ లక్కీ స్టార్స్’ కార్యక్రమంలో ఈ పాటతో కనిపించారు. ఆ చలికాలం అక్కడ విపరీతంగా మంచు కురిసి జనం ఇళ్లల్లోనే ఉన్నారు, టీవీల ముందే ఉన్నారు.

*

ప్రశ్న: ‘లవ్ మి డూ’ 17వ స్థానానికి రావడానికి మేనేజరు తన దుకాణానికి పదివేల రికార్డులు కొన్నాడంటారు. (సికింద్రాబాద్)

జవాబు: మేనేజర్ బ్రయాన్ ఎప్‌స్టైన్ కుటుంబానికి లివర్‌పూల్‌లో నెమ్స్ రికార్డు దుకాణాలుండేవి, అందుకే ఆ మాట పుట్టింది. ఆయన ఒప్పుకోలేదు, ఎవరూ రుజువు చేయలేదు. ఒకటి గమనించండి. చార్టు లెక్క దుకాణాలు చెప్పిన అమ్మకాల మీద నడిచేది, దుకాణం తెచ్చుకున్న సరుకు మీద కాదు. ఒకే ఊళ్లో ఎంత పేర్చినా దేశంలో మిగతా దుకాణాలు పాట పేరు చెప్పకపోతే పైకి రాదు. లివర్‌పూల్‌లో అభిమానులు నిజంగానే ఎగబడి కొన్నారు.

*

ప్రశ్న: జుమ్మేరాత్ బజార్‌లో పాత రికార్డుల కట్టలో ‘లవ్ మి డూ’ దొరికింది. ఈ పాట మూడు రకాలుగా ఉందట. నాది ఏదో ఎలా తెలుసుకోవాలి? దుమ్ము ఎలా వదిలించాలి? (తార్నాక)

జవాబు: సూది పెట్టే ముందు దుమ్ము సంగతి, లేకపోతే గీతలు పడతాయి. మీ దగ్గరున్నది వినైలా, లక్క రికార్డా చూడండి. భారతదేశంలో కొన్ని బీటిల్స్ పాటలు 78 ఆర్‌పీఎం రికార్డులుగా కూడా వచ్చాయి, ఇప్పుడు ప్రపంచమంతా వాటికోసం వెతుకుతున్నారు. బరువుగా, వంచితే విరిగేలా ఉంటే అది లక్క. దాన్ని స్పిరిటుతో, శానిటైజరుతో తుడిచారా, పైపొర కరిగిపోతుంది. లక్కయినా వినైలయినా బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటరు అర లీటరులో రెండు చుక్కల లిక్విడ్ సోపు కలిపి, మెత్తటి బట్టను తడిపి పిండి, గాడుల వెంట గుండ్రంగా తుడవండి, అడ్డంగా కాదు. తర్వాత సబ్బు లేని నీళ్లతో ఇంకోసారి. లేబులు తడవకూడదు. నీడలో నిలబెట్టి ఆరనివ్వండి. 78 రికార్డుకి ఎల్పీ సూది వాడొద్దు. దాని గాడి వెడల్పు, 3 మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు) సూది కావాలి. ఎల్పీ సూది 0.7 మిల్ దగ్గర్లో ఉండి అడుగున పడి గరగరలాడుతుంది. పడమటి గోడకు ఆనించిన బీరువాలో పెడితే మే నెలలో వినైల్ ఒంగుతుంది. నిలువుగా, లోపలి గోడ పక్కన పెట్టండి.

ఇక ఏ రకమో. 1962 జూన్ 6న బ్యాండు అప్పటి డ్రమ్మరు పీట్ బెస్ట్‌తో ఒకటి, సెప్టెంబరు 4న ఆయన స్థానంలో వచ్చిన రింగో స్టార్‌తో రెండోది, సెప్టెంబరు 11న స్టూడియో డ్రమ్మరు ఆండీ వైట్‌తో మూడోది. ఆ మూడోసారి రింగో చేతికి టాంబరిన్ (గలగలలాడే బిళ్లల చిన్న డప్పు) ఇచ్చారు. గుర్తు అదే. టాంబరిన్ గలగల వినిపిస్తే ఆండీ వైట్ వాయించినది, లేకపోతే రింగోది. పీట్ బెస్ట్‌ది 1995 దాకా బయటికి రాలేదు కాబట్టి మీ కట్టలో ఉండదు. ఇంగ్లండులో 1962లో వచ్చిన ఎర్ర లేబుల్ ఆర్ 4949 సింగిల్ మీద ఉన్నది రింగోది. ‘ప్లీజ్ ప్లీజ్ మి’ ఆల్బంలోనూ అమెరికా సింగిల్‌లోనూ ఆండీ వైట్‌ది. రింగో రకం అసలు టేపు మిగల్లేదు. తర్వాతి సంకలనాల్లో మనం వినేది మంచి స్థితిలో ఉన్న పాత రికార్డు నుంచి ఎక్కించిన ప్రతే. మీ దగ్గర ఎర్ర లేబుల్ ప్రతి ఉంటే దాచుకోండి.

*

ప్రశ్న: మా బ్యాండులో నేనే పాడతా, నేనే హార్మోనికా వాయిస్తా. పల్లవి చివరి మాట, హార్మోనికా మొదటి స్వరం ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. ఏం చేయాలి? పాట జీలో ఉంది, సీ హార్మోనికా కొనమన్నారు, అది తప్పు కాదా? (కూకట్‌పల్లి)

జవాబు: మీ ఇబ్బందే ‘లవ్ మి డూ’లో వచ్చింది. పాట పేరున్న ఆఖరి పంక్తి లెనన్ పాడేవాడు. అదే చోట హార్మోనికా మొదలవ్వాలి, ఒక నోటితో రెండూ కుదరవు. జార్జ్ మార్టిన్ ఆ పంక్తిని అక్కడికక్కడే మెకార్ట్‌నీకి అప్పగించాడు. అలవాటు లేని పంక్తి ఒంటరిగా పాడాల్సివచ్చి ఆ రికార్డులో తన గొంతు వణికిందని మెకార్ట్‌నీ తర్వాత చెప్పుకున్నాడు. మీరూ ఆ మాట ఇంకొకరికి ఇవ్వండి. అయితే స్టూడియోకి వెళ్లాక కాదు, కనీసం వారం ముందు.

సీ హార్మోనికా సరైనదే. పది రంధ్రాల డయటోనిక్ హార్మోనికా మీద కింది రంధ్రాల్లో గాలి పీల్చే స్వరాలనే వంచి ఏడిపించగలం. అవి ఎక్కువ దొరకాలంటే పాట షడ్జమానికి మధ్యమం ఏదో ఆ శ్రుతి హార్మోనికా తీసుకోవాలి. పాట జీ, అంటే 5 శ్రుతిలో ఉంటే సీ. ఏలో ఉంటే డీ, ఈలో ఉంటే ఏ, డీలో ఉంటే జీ. రెండో రంధ్రం పీలిస్తే మీ షడ్జమం. మైకు దగ్గర రెండు చేతులూ మూసి వాయిస్తే మీటరు ఒక్కసారిగా పైకి లేస్తుంది, పాటకి పెట్టిన గెయిన్ సగానికి తగ్గించి విడిగా రికార్డు చేయండి. ‘ప్లీజ్ ప్లీజ్ మి’లో వాళ్లూ విడిగానే వాయించి కలిపారు.

*

ప్రశ్న: స్టూడియోవాళ్లు మా డ్రమ్మరు వద్దు, వేరే వాళ్లను పెట్టుకోండి అంటున్నారు. వాడు మా చిన్ననాటి దోస్తు. (మెహదీపట్నం)

జవాబు: రింగో చేరి నెల తిరక్కుండానే ఆయనకీ ఇదే జరిగింది. సెప్టెంబరు 11న వచ్చేసరికి డ్రమ్ముల దగ్గర ఆండీ వైట్ కూర్చుని ఉన్నాడు. ఆ బాధ ఆయనకి చాలా ఏళ్లు ఉంది. కానీ సింగిల్‌గా ముందు వెళ్లింది రింగో వాయించినదే, నవంబరులో ‘ప్లీజ్ ప్లీజ్ మి’ వాయించిందీ ఆయనే. స్టూడియోలో డ్రమ్మర్లను ఎక్కువగా పట్టుకునేది కిక్ డ్రమ్ముకీ బాస్ గిటారుకీ పొత్తు కుదరకపోవడం దగ్గర. వాళ్లిద్దరినీ మాత్రమే కూర్చోబెట్టి, క్లిక్‌ను సగం వేగంలో పెట్టి, పాటంతా రోజుకి అరగంట వాయించమనండి. కిక్, బాస్ ఒకే దెబ్బలా వినిపించాలి. ఫిల్స్ (పంక్తుల మధ్య వేసే అదనపు దెబ్బలు) సగానికి సగం తీసేయండి. రెండు వారాలయ్యాక రికార్డు చేసి స్టూడియోకి పంపండి. అప్పటికీ కుదరకపోతే ఆ ఒక్క పాటకి వేరేవాళ్లు వాయించవచ్చు, కానీ ఆ మాట మీ దోస్తుకి ముందే, మీ నోటితో చెప్పండి.

*

ప్రశ్న: బాస్ ఆంప్ పెడితే గుంయ్‌మని మోత. గిటారు మార్చినా పోలేదు. (చింతల్)

జవాబు: 1962 జూన్ 6న మెకార్ట్‌నీ తెచ్చిన బాస్ ఆంప్ కూడా రికార్డింగుకి పనికిరాలేదు. స్టూడియో సాంకేతిక సిబ్బంది ఎకో గదిలోని టానాయ్ స్పీకరు మోసుకొచ్చి, లీక్ ఆంప్లిఫయరుకి తగిలించి పని నడిపించారు. మీరు ఆంప్ వదిలేసి నేరుగా ఇంటర్‌ఫేస్‌లోకి పెట్టి చూడండి. మోత ఆగితే తప్పు ఆంప్‌ది లేదా దాని ప్లగ్గుది. రెండు పిన్నుల అడాప్టరు తగిలించి ఎర్త్ పోగొట్టుకున్నారేమో చూడండి. ఎర్త్ పిన్ను ఎన్నడూ విరవకండి, ప్రాణాపాయం. నేరుగా పెట్టినా మోగుతుంటే లాప్‌టాప్ ఛార్జరు తీసి బ్యాటరీ మీద నడపండి. అప్పుడు ఆగితే దోషి ఛార్జరే. తీగలను చేత్తో తాకితే మోత తగ్గుతుందంటే గిటారు లోపల బ్రిడ్జికి వెళ్లే ఎర్త్ వైరు ఊడలేదు, బాగానే ఉంది. పికప్ చుట్టూ షీల్డింగ్ లేదని అర్థం, రాగి రేకు టేపు అంటిస్తే చాలావరకు పోతుంది. ఇన్వర్టరు మీద నడిచేటప్పుడు మాత్రం రికార్డు చేయకండి. కరెంటు వచ్చేదాకా ఆగండి.

*

ప్రశ్న: ఆల్బమంతా ఒక్కరోజులో పాడేశారంటే గొంతు ఎలా తట్టుకుంది? (వారాసిగూడ)

జవాబు: తట్టుకోలేదు. 1963 ఫిబ్రవరి 11న ఉదయం పది నుంచి రాత్రి పదిన్నర దాటేదాకా పది పాటలు. లెనన్‌కి జలుబు, మందు బిళ్లలు చప్పరిస్తూ పాడాడు. గొంతు చీల్చే ‘ట్విస్ట్ అండ్ షౌట్’ను కావాలనే ఆఖరికి ఉంచారు. ఆల్బంలో ఉన్నది దాని మొదటి టేకు. రెండోది మొదలుపెడితే గొంతు మిగల్లేదు. ఆ వరస ఒక్కటి నేర్చుకోండి. మెత్తటి పాటలు ముందు, అరుపుల పాట ఆఖరున. గంటకి పది నిమిషాలు మౌనం, గోరువెచ్చని నీళ్లు. మధ్యాహ్నం బిర్యానీ తిని మైకు ముందుకి రావొద్దు, కారం, నూనె గొంతులో కఫం పట్టిస్తాయి.

*

ప్రశ్న: ‘ప్లీజ్ ప్లీజ్ మి’ బాణీకి తెలుగు మాటలు రాసి యూట్యూబులో పెట్టొచ్చా? (ఎల్బీ నగర్)

జవాబు: అనుమతి లేకుండా పెట్టకూడదు. మన కాపీరైటు చట్టంలో 2012 సవరణతో వచ్చిన 31సి సెక్షన్ కింద కవర్ వెర్షన్‌కి దారి ఉంది. మొదటి రికార్డింగు వచ్చిన ఏడాది ముగిశాక ఐదేళ్లు దాటి ఉండాలి, హక్కుదారుకి ముందుగా నోటీసు, కవరు, లేబుల్ నమూనాలు ఇవ్వాలి, ఏడాదికి కనీసం 50,000 ప్రతుల లెక్కన రాయల్టీ ముందే కట్టాలి. అదంతా పాటను ఉన్నదున్నట్టు పాడితేనే. మాటలు మారిస్తే అది కవర్ కాదు, కొత్త రూపాంతరం. సంగీత ప్రచురణ సంస్థ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. వీడియోకి వేరే అనుమతి. మీ తెలుగు మాటలు బాగుంటే వాటికి సొంత బాణీ కట్టుకోండి, ఆ పాట పూర్తిగా మీదవుతుంది.